25 లీటర్ల గాలి

ఇంజనీరింగ్ హాస్టల్లో నా చొక్కాల నుంచి ఏదో వాసన వస్తోందని రూమ్మేట్ అన్నాడు. ఇంట్లో పెయింట్లు వేస్తున్నారని అబద్ధం చెప్పాను. మా మావయ్య జాలరిపేటలో ఫైబర్ తెప్పలకి మరమ్మతులు చేస్తాడనీ, సెలవుల్లో ఆయనకి నేను గ్లాస్ మ్యాట్ కత్తిరించి ఇస్తాననీ చెప్పడానికి నోరు రాలేదు.

పోయిన వేసవిలో ఆ మావయ్య దగ్గరికే కారేసుకుని వెళ్ళాను. డిక్కీలో పది అంగుళాల సబ్‌వూఫర్ పెట్టాలి. చెక్క పెట్టె అయితే డిక్కీ సగం మింగేస్తుంది. వెనక చక్రం పక్కనుండే వంకర ఖాళీలో ఒదగాలంటే ఫైబర్‌గ్లాసే గతి. లెక్క నా దగ్గరుంది. స్పీకర్ గుణాలను బట్టి దాని వెనక ఎంత గాలి ఉండాలో లెక్కగట్టే దారి ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో వేశాడు, డెబ్బైల్లో రిచర్డ్ స్మాల్ ముందుకు తీసుకెళ్ళాడు. నా స్పీకర్‌కి 25 లీటర్లు, ఎక్కడా గాలి పోకూడదు.

"ఈ వంకర దాన్ని లీటర్లలో ఎలగ కొలుస్తావురా?" అన్నాడు మావయ్య. త్రీడీ స్కానింగ్ గురించి చెప్పాను. ఆయన బకెట్ వైపు చూశాడు.

డిక్కీలో మాస్కింగ్ టేపు అతికించి, మైనం రాసి, మ్యాట్ పరిచాం. రెజిన్‌లో ముందు కోబాల్ట్, అది బాగా కలిశాకే హార్డ్‌నర్. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుందన్నది చిన్నప్పుడు నాకు నేర్పిన మొదటి పాఠం. ఎండ చూసి హార్డ్‌నర్ తగ్గించాడు. మూడు పొరలు, ప్రతి పొరకీ రోలర్‌తో బుడగలు తీయడం. స్పీకర్ బిగించే రింగుకి నేను ఎండీఎఫ్ తెస్తే పక్కన పడేశాడు. "నీళ్ళు తగిల్తే ఉబ్బిపోద్ది." మెరైన్ ప్లై కోసిచ్చాడు. డిక్కీలో నీళ్ళేంటి మావా అన్నాను. నవ్వాడు. రింగు మీంచి గుడ్డ బిగలాగి రెజిన్ తాగించాం, గట్టిపడ్డాక లోపల ఇంకో రెండు పొరలు.

మర్నాడు పెట్టె నోరు పైకి పెట్టి, లీటరు మగ్గుతో నీళ్ళు పోస్తూ నన్ను లెక్కపెట్టమన్నాడు. 27 దగ్గర నిండింది. స్పీకర్ వెనకభాగం ఆక్రమించే రెండు లీటర్లు తీసేస్తే సరిగ్గా సరిపోయింది. అప్పుడే అడుగున అతుకు దగ్గర ఒక చుక్క కనిపించింది.

"తెప్పలోకి నీళ్ళు రాకూడదు, నీ పెట్టెలోంచి గాలి పోకూడదు. దేనికైనా కన్నం కన్నమే గదరా."

ఆ కన్నం పూడ్చి గరుకు కాగితంతో రుద్దేటప్పుడు, ఆన్‌లైన్లో కొన్న ఫిల్టర్ల మాస్క్ తీసి తగిలించుకున్నాను. మావయ్య తువ్వాలు ముక్కుకి చుట్టుకున్నాడు. పాతికేళ్ళుగా ఆయనకి అదే మాస్కు. మధ్యమధ్యలో ఆగి దగ్గుతున్నాడు. నా బ్యాగులో రెండో మాస్క్ లేదు. కొనేటప్పుడు ఒకటా రెండా అన్న ప్రశ్నే నాకు రాలేదు. నాది తీసిస్తే, "ఊపిరాడదురా, నువ్వే ఉంచుకో" అన్నాడు.

నేను పుస్తకాల మీద సమీక్షలు రాస్తుంటాను. జాలర్ల కథల మీదా రాశాను. వాటిలో సముద్రం, తుఫాను, చెక్క తెప్పలు, ఎదురుచూసే ఆడవాళ్ళు ఉంటారు. "జీవితాన్ని కళ్ళకు కట్టారు" అని మెచ్చుకున్నాను. రెజిన్ వాసన ఎక్కడా లేదేమని ఒక్కసారీ అడగలేదు. ఆ వాసన తెలిసుండీ అడగలేదు. హాస్టల్లో చెప్పిన అబద్ధమే సమీక్షల్లోనూ కొనసాగించానన్న మాట.

స్పీకర్ బిగించాక బీచ్ రోడ్డులో ఒక రౌండ్ కొట్టాం. పెట్టె ఎక్కడా అదరలేదు. మావయ్య గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ కొడతందిరా" అన్నాడు, సంతోషంగానే.

తర్వాత మాస్క్ ఒకటి కొనిచ్చాను. షెడ్డులో మేకుకి తగిలించాడు. వారానికోసారి ఫోన్ చేసి వేసుకుంటున్నావా అని అడుగుతాను. "ఏసుకుంటన్నాన్లేరా" అంటాడు. మాట పూర్తయ్యేలోపే దగ్గు వినిపిస్తుంది.