120లో ఒక్కటి

మా ఊరు బుగ్గారం, జగిత్యాల జిల్లా. 2009కి ముందు అసెంబ్లీ నియోజకవర్గంగా అయినా పేపర్లో పేరు కనపడేది, ఇప్పుడు ఆ ముచ్చటా లేదు. అయితేనేం, డాబా ఎక్కితే హైదరాబాదులో కనపడనన్ని చుక్కలు.

మొన్న సంక్రాంతికి కెమెరా, ట్రైపాడ్ మోసుకుని వెళ్ళా. కారణం మా నాయినమ్మ. కళ్ళలో శుక్లాలు. ఆపరేషనంటే "ఇంక నాకెందుకురా" అంటుంది. చిన్నప్పుడు నాకు పిల్లలకోడిని (అదేనండీ, కృత్తికలు) చూపించింది ఆమే. ఇప్పుడు అటు చూస్తే ఏమీ ఆనట్లేదట. ఫోటో తీసి టీవీలో పెద్దగా చూపిద్దామని నా ప్లాను. ఉన్న సెలవు మూడు రోజులు.

సంక్రాంతప్పుడు రాత్రి ఎనిమిది దాటేసరికి పిల్లలకోడి దాదాపు నడినెత్తిన ఉంటుంది. 50 ఎంఎం లెన్సుతో ఒక్కోటి 5 సెకన్ల చొప్పున 120 ఫోటోలు తీశా. భూమి తిరుగుతుంది కాబట్టి ఆ పావుగంటలో చుక్కలు ఫ్రేములో 700 పిక్సెళ్ళకి పైగా జరిగిపోతాయి. డీప్‌స్కైస్టాకర్ వాటిని గుర్తుపట్టి, చుక్కమీద చుక్క పడేలా పేర్చి సగటు తీస్తే మసక చుక్కలు కూడా తేలాలి. తేలలేదు. 120లో ఒక్క ఫ్రేమే స్టాక్ అవుతుందంది. మిగతా 119 దానితో కలవట్లేదట!

చూస్తే ఫ్రేముకి ఆరో ఏడో చుక్కలే దొరికాయి. త్రెషోల్డ్ 10 శాతం నుంచి 2కి దించా. వేలల్లో దొరికాయి, ఫ్రేములన్నీ కలిశాయి కూడా. సంబరంగా తెరిచి చూద్దును కదా, చుక్కలన్నీ గీతలు! ప్రతి ఫ్రేమూ ఎంత జరిగిందీ అంటే సున్నా. గీతల మధ్య ఎర్రటి, పచ్చటి బిందువులు మాత్రం సూదిమొనల్లా ఉన్నాయి. అవి హాట్ పిక్సెళ్ళు, సెన్సర్ లోపాలు. ప్రతి ఫోటోలో అక్కడే ఉంటాయి. పాపం సాఫ్ట్‌వేర్, కదలకుండా కూర్చున్నవాటినే నమ్ముకుంది. (మా ఆఫీసు అప్రైజళ్ళూ ఇంతే, ఆ సంగతి ఇంకోసారి.)

నాలుగు గంటలు సెట్టింగులతో కుస్తీ పట్టాక, అప్పుడు ఫోటోని జూమ్ చేసి చూశా. ఫోకసే తప్పింది. ఉబ్బి మసకబారిన చుక్కని అది చుక్కనుకోదు. ఈ పని ముందే చేయొచ్చుగా అంటారా? ప్రోగ్రామర్ని కదా, బగ్గు ఎప్పుడూ అవతలి కోడ్‌లోనే ఉంటుంది.

రెండో రాత్రి రోహిణి నక్షత్రాన్ని లైవ్ వ్యూలో పది రెట్లు చేసి ఫోకస్ పెట్టి, రింగు కదలకుండా టేపు వేశా. చివర్లో లెన్సుకి మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే 5 సెకన్లతో 30 డార్క్ ఫ్రేములు. ఇవి ఆ చలిలోనే తీయాలి. మధ్యాహ్నం గదిలో తీసినవి పనికిరాలేదు, వేడిని బట్టి హాట్ పిక్సెళ్ళు మారతాయి.

స్టాకింగ్ నడుస్తుంటే నిజామియా అబ్జర్వేటరీ గుర్తొచ్చింది. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టింది. దేశాలన్నీ ఆకాశాన్ని పంచుకుని పటం తీస్తుంటే, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ వీళ్ళ వాటాకొచ్చింది. గాజు పలక మీద చుక్కలతో పాటు గళ్ళు కూడా పడేలా చేసి, ఒక్కో చుక్క స్థానం మనుషులే కొలిచేవారు. స్థానం ముందే తెలిసిన చుక్కలతో పోల్చి పలక ఎంత జరిగిందో, ఎంత తిరిగిందో లెక్కకట్టేవారు. నా లాప్‌టాప్ చేస్తున్నదీ ఆ పనే. వాళ్ళకి జరపడానికి స్లయిడర్ లేదు, ఏది చుక్కో ఏది మరకో కంటితో తేల్చుకోవాల్సిందే.

ఈసారి 117 కలిశాయి. కలవని మూడూ నేను చీకట్లో ట్రైపాడ్‌ని తన్నినప్పటివి.

పొద్దున టీవీకి కలిపి నాయినమ్మని దగ్గరగా కూర్చోబెట్టా. ముక్కు తెరకి ఆనేంత వంగి చాలాసేపు చూసింది.

"గివన్ని దాని పిల్లలేనారా?"

"అవును నాయినమ్మా."

"మేం జూసినప్పుడు ఆరే ఉండె గదరా. గిన్ని ఎప్పుడు పొదిగింది?"

ఫోటో మూలల్లో చుక్కలకింకా తోకలున్నాయి. అది లెన్సు వంకర. ఉగాదికి మళ్ళీ ప్రయత్నిద్దామంటే అప్పటికి పిల్లలకోడి పడమటికి వాలిపోతుంది.