పాకలో పది మీటర్లు

ఎప్పుడూ వరి, చేపల చెరువు, కాలవ నీళ్లు అని రాసేవాణ్ణి, ఈసారి తుపాకీ గురించి రాస్తున్నానని నవ్వకండి. మా పాకలోంచి సాయంత్రం పూట టప్ టప్ మని చప్పుడేంటని ఊళ్లో చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

1988లో నేను గూడెంలో ఇంటర్ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో ఉన్నాను. క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చి ఐదు గుళ్లు కాల్పించారు. నా ఐదూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. హవల్దారు గారు అట్ట తీసి అందరికీ చూపించారు. చదువులో నన్ను ఎవరూ అలా చూపించలేదు లెండి!

ఆ గర్వంతోనే ఒక తప్పు పని చేశాను. ఆ మరుసటేడు స్నేహితుడి దగ్గర పిట్టల తుపాకీ అడిగి తీసుకుని కొల్లేటి గట్టు మీదికెళ్లాను. నత్తగుల్ల కొంగ ఒకటి వరి మడిలో నిలబడి ఉంది. కొట్టాను. తగిలింది గానీ చావలేదు. రెక్క ఈడ్చుకుంటూ గట్టు వారనే తిరిగింది. దగ్గరికి వెళ్తే ముక్కు తెరిచి నా వైపే చూసింది. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాను, ఏం చెయ్యాలో తెలియలేదు. మర్నాడు వెళ్తే లేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పైన తుపాకీ ముట్టలేదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కంచు పతకం తెచ్చాడు కదా. కొల్హాపూర్ దగ్గర పల్లెటూరి కుర్రాడు, అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. మా చిన్నమ్మాయి అది ఫోన్‌లో చూసి "నాన్నా, మనకీ వస్తుందా ఇది?" అంది. 2012లో లండన్‌లో పతకం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లోనే పెరిగాడని, ఆయనది పది మీటర్ల ఎయిర్ రైఫిలని చెప్పాను. పది మీటర్లంటే మన పాక పొడుగే కదా అంది.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. అసలు రైఫిల్ కావాలంటే లైసెన్సు ఉండాల్సిందే. పంట కాపలాకని మన తాతలకి ఉండే మందు కూరే తుపాకీకి కూడా లైసెన్సే, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పేవారు, గుర్తుందా? ఎయిర్ గన్ మాత్రం .177 సైజు అయ్యుండి, శక్తి 20 జౌళ్లు దాటకపోతే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయినా కొట్టువాడు ఆధార్ తీసుకుని రిజిస్టర్లో రాసుకున్నాడు. మీరు కూడా బిల్లు లేకుండా కొనకండి. ఎవరో అమ్ముతున్నారని పెద్ద సైజు గుళ్లది కొన్నారో, చట్టంతో గొడవ, పోటీకీ పనికిరాదు.

మాది మన దేశంలో చేసిన స్ప్రింగ్ గన్. పదివేలు దాటింది. ఆశకి పోయి ఇంకో నాలుగు వేలు పెట్టి పైన దుర్భిణీ కూడా బిగించాను. స్ప్రింగ్ గన్ పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది. ఆ తన్నుకి రెండు నెలల్లోనే దుర్భిణీ లోపల గీతలు వంకర పోయాయి. నాలుగు వేలంటే రెండు బస్తాల పైన ధాన్యం. మా ఆవిడ ఇప్పటికీ అంటోంది. మొదట్లో గన్‌తో వచ్చే మామూలు సైటు చాలు, మనవాళ్ల పోటీల్లో ఓపెన్ సైటు వాళ్లకి విడిగా విభాగం కూడా ఉంది.

పాకలో ఒక చివర ఇటుక గోడ ఉంది. దాని ముందు ఇసుక నింపిన గోనె సంచులు రెండు వరసలు పేర్చాం. అట్ట మధ్య భాగం నేల మీంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. పక్క తలుపుకి తాళం, కోళ్లు బయట, గేదెలు బయట. గుండు ఎగిరి వస్తుందేమోనని కళ్లద్దాలు. గుళ్లు సీసంవి, అందుకే అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నం ముట్టుకోవాలి. గురి అట్టలో పది మార్కుల చుక్క ఎంతనుకున్నారు? అర మిల్లీమీటరు. ఆవగింజ కంటే చిన్నది.

మా అమ్మాయికి మొదటి పదిహేను రోజులూ గుళ్లు ఇవ్వలేదు. లోడు చెయ్యని గన్ పట్టుకుని నిలబడి గురి చూడటమే. ఖాళీగా పేల్చనివ్వను, పిస్టన్ దెబ్బతింటుంది. ఊపిరి సగం వదిలి ఆపు, ముందు సైటు స్పష్టంగా కనబడాలి, అట్ట మసకగా ఉన్నా పర్లేదు, ట్రిగ్గర్ గుంజకుండా మెల్లగా నొక్కు. గన్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే స్ప్రింగ్ గన్ మాట వినదు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఇప్పుడు నాకంటే తనే బాగా కొడుతోంది.

దూరం కొట్టాలనుందంటుంది. దూరమంటే గాలీ, గుండు కిందికి పడటమూ లెక్కపెట్టాలి. పాయింట్ టూటూ గుండు 50 మీటర్లు పోవడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది, ఆలోపు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. పెద్ద రైఫిల్‌తో 300 మీటర్లయితే సుమారు మూడడుగులు. నడుమలో గాలి ఎటు మళ్లితే గుండు అటు. మందు కొట్టేటప్పుడు గాలివాటం చూసే మనకి ఇది కొత్తేం కాదు. కానీ అక్కడికి ఇంకా చాలా దూరం ఉంది.

అసలు సంగతి ఇది. పోటీకి మ్యాచ్ రైఫిల్ కావాలి. కొత్తది లక్షల్లో మాట. హైదరాబాద్‌లో వాడినది ఒకటి లక్షా ఇరవై చెప్పారు. నాకున్నది రెండున్నర ఎకరాలు. మా పక్క చెరువు ఆయన, నాకు అన్నయ్య వరస, సగం తను సర్దుతానన్నాడు. వడ్డీ లేదు. "అమ్మాయి గురి బాగుందట కదరా, రోజూ పొద్దున్నే వచ్చి నా చెరువు మీద నీటికాకుల్ని, గూడబాతుల్ని నాలుగు కొట్టమను, మిగతావి భయపడి రావు" అన్నాడు.

ఆయన నష్టం అబద్ధం కాదు. గూడబాతులు గుంపుగా దిగితే చెరువు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ లైసెన్సు అక్కర్లేని గన్ అయినా పక్షిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. 1999 నుంచీ కొల్లేరు అభయారణ్యం, మన చెరువులు దాని అంచునే ఉన్నాయి. అది ఒక కారణం. రెండో కారణం ఆయనకి చెప్పలేదు, పైన మీకు రాశాను. "వద్దన్నయ్యా, దారాలూ రిబ్బన్లూ కట్టిద్దాం, కట్టడానికి నేనూ వస్తాను" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. వారం నుంచి పలకరింపు లేదు.

మా అమ్మాయికి ఆ కొంగ కథ నిన్న రాత్రి చెప్పాను. ఏమీ అనలేదు. పొద్దున్న లేచి పాకలోకి వెళ్లి ఇరవై గుళ్లు కొట్టి వచ్చింది.

దాళ్వా ధాన్యం డబ్బు పడ్డాక ఆ పాత రైఫిల్ చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. మీలో ఎవరి పిల్లలైనా ఈ ఆటలో ఉంటే, వాడిన రైఫిల్ కొనేటప్పుడు గాలి సిలిండరు ఎలా పరీక్షించాలో కింద రాయండి. రేపు నాట్లు, సాయంత్రం చూస్తాను.