నిదానం

సంస్కృతంలో ‘నిదానం’ అంటే మూలకారణం. రోగానికి కారణమేదో నిర్ణయించే శాస్త్రభాగానికి ఆయుర్వేదంలో అదే పేరు. మాధవకరుడు రచించిన గ్రంథం ‘మాధవనిదానం’గా ప్రసిద్ధి పొందింది. తెలుగులో ఆ మాటకు తొందరపాటు లేకపోవడం అనే అర్థం స్థిరపడింది. కారణాన్ని వెదకడానికీ, వెదికేటప్పుడు ఓర్పు వహించడానికీ ఒకే మాట చెల్లడం తెలుగు భాషకు అబ్బిన సౌలభ్యం. వైద్యుడికే గాక, ధ్వని వెలువరించని కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి కూడా ఈ రెండర్థాలూ అవసరమవుతాయి.

లైనక్సుకు బీజం వేసినవాడు లీనస్ టోర్వాల్డ్స్. ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 1991లో ఆయన ఈ పనికి పూనుకున్నాడు. లైనక్సు మూలరచనను ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు, పదిమందికీ పంచవచ్చు. అయితే కంప్యూటరులోని ప్రతి భాగంతోనూ సంభాషించడానికి ‘డ్రైవరు’ అనే ప్రోగ్రాము ఉండాలి. తొలిరోజుల్లో తయారీ సంస్థలు చాలావరకు లైనక్సుకోసం డ్రైవర్లు ఇవ్వలేదు. ఉత్సాహవంతులే పూనుకొని వాటిని రాయవలసివచ్చింది. గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే సౌండు కార్డుకోసం డ్రైవరు రాసిన యారోస్లావ్ కిసేలా 1998లో ‘ఆల్సా’ అనే ధ్వనివ్యవస్థ నిర్మాణాన్ని ఆరంభించాడు. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నలు నాటికి అదే లైనక్సుకు ప్రధాన ధ్వనివ్యవస్థ అయింది. నేటికీ లైనక్సు కంప్యూటరులో ధ్వనికి ఆధారం అదే.

ఇంత శ్రమ ఫలించిన తరువాత కూడా ఒక్కొక్కప్పుడు కంప్యూటరు తన సౌండు కార్డును తాను గుర్తించదు. చూపున్నవాడికి అది చిన్న లోటు; ఆనాటికి పాట వినడం మానుకుంటాడు. చూపులేని విద్యార్థి విషయం వేరు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ‘ఓర్కా’ అనే ప్రోగ్రాము 2006లో గ్నోమ్ 2.16తో పాటు అందరికీ అందింది. ‘ఈస్పీక్ ఎన్‌జీ’ అనే వాగ్యంత్రం తెలుగును కూడా పలుకుతుంది. ఈ రెంటి సాయంతో చదువుకునే విద్యార్థికి ధ్వని ఆగిపోవడమంటే పుస్తకం మూతపడడమే.

అటువంటి కంప్యూటరులో ‘ఏప్లే’ ఆజ్ఞతో కార్డుల జాబితా అడిగితే, కార్డులేవీ కనబడలేదన్న సమాధానం వస్తుంది. కనబడలేదు కనుక లేదని నిశ్చయించవచ్చునా? ఈ ప్రశ్న భారతీయ దార్శనికులకు కొత్తది కాదు. భాట్ట మీమాంసకులు ‘అనుపలబ్ధి’ని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. కాని దానికొక నియమం పెట్టారు. గదిలో కుండ లేదని చెప్పాలంటే అక్కడ వెలుగుండాలి, చూసేవాడి కన్ను సక్రమంగా ఉండాలి. చీకటిగదిలో కుండ కనబడనంత మాత్రాన అది లేదనరాదు. ఉంటే తప్పక కనబడవలసిన స్థితిలో కనబడకపోతేనే లేదని నిశ్చయం. దీనికే ‘యోగ్యానుపలబ్ధి’ అని పేరు. కంప్యూటరులో లోపాన్ని వెదకడమంటే ఒక్కొక్క గదిలో దీపం వెలిగిస్తూ పోవడమే.

మొదటి దీపం బయటి వాకిట వెలగాలి. తీగ సరైన రంధ్రంలో ఉన్నదా, శబ్దం తగ్గించి ఉన్నదా అని చూడాలి. ‘ఆల్సామిక్సర్’ తెరిచినప్పుడు ధ్వనిమార్గం కింద ‘ఎం ఎం’ అని ఉంటే ఆ మార్గం మూసి ఉన్నదని అర్థం. ‘ఎం’ మీట నొక్కితే తెరుచుకుంటుంది. ధ్వని అంతా హెచ్‌డీఎంఐ తీగగుండా మానిటరు వైపు మళ్లిపోవడం కూడా కద్దు. ఈ సందర్భాలలో కార్డు లేకపోలేదు; దారి మాత్రమే తప్పింది.

రెండవది యంత్రభాగం ఉన్నదో లేదో తెలుసుకోవడం. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అనే ఆజ్ఞ మదర్‌బోర్డుకు అనుసంధానమై ఉన్న పరికరాలను పేర్కొంటుంది. ప్రతి సంస్థకూ అందులో ఒక సంఖ్య ఉంటుంది. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. అది 1978లో ఆ సంస్థ విడుదల చేసిన ప్రాసెసరు పేరు కూడా. ఆ జాబితాలో ఆడియో పరికరం లేకపోతే బయాస్‌లో దానిని నిలిపివేశారేమో, విడిగా అమర్చిన కార్డు తన స్థానంలో సరిగా కూర్చోలేదేమో చూడాలి. యూఎస్‌బీ పరికరమైతే ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ని అడగాలి.

జాబితాలో పరికరం ఉండి, ఆల్సాకు మాత్రం తెలియకపోతే లోపం ఆ రెంటి నడుమ ఉన్నదని తేలుతుంది. ఇక్కడ ‘డీమెస్గ్’ ఉపకరిస్తుంది. కంప్యూటరు మేలుకొన్నప్పటి నుంచి కెర్నలు రాసుకున్న దినచర్య అది. డ్రైవరు లేచి నిలిచిందా, నిలవకపోతే దేనికోసం వెదికి భంగపడిందీ అందులో ఉంటుంది. కొత్త ల్యాప్‌టాపులు కొన్నింటిలో ధ్వనిని నడిపే చిన్న ప్రాసెసరుకు ‘ఫర్మ్‌వేర్’ అనే ఫైలు అందాలి. అది డిస్కులో లేకపోతే డ్రైవరు వెనుదిరుగుతుంది. డెబియన్ అధికారిక స్థాపక ప్రతులలో ఇటువంటి ఫైళ్లకు 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదలతోనే చోటు దక్కింది. అంతకుముందు స్థాపించిన కంప్యూటరులో ఒక్క ప్యాకేజీ చేర్చి, యంత్రాన్ని తిరిగి ఆరంభిస్తే మౌనం వీడవచ్చు.

ఆల్సాకు కార్డు తెలిసి ఉండి కూడా తెరమీద ‘డమ్మీ ఔట్‌పుట్’ అని కనబడితే, పై అంతస్తులో ఉన్న పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్ సేవను పరీక్షించాలి. ఏదీ తేలనప్పుడు మరొక లైనక్సు ప్రతిని పెన్‌డ్రైవు నుంచి నడపడం మంచి ఉపాయం. అందులో శబ్దం వినిపిస్తే యంత్రం నిర్దోషి. దోషం డిస్కులోని అమరికలదే.

ఈ వరుసను పాటించే ఓర్పు లేనివారు మొత్తం వ్యవస్థను చెరిపి మళ్లీ స్థాపిస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు, దాచుకున్న పాఠాలూ రచనలూ అందులో పోతాయి. మరికొందరు ఒకేసారి నాలుగు మార్పులు చేస్తారు. శబ్దం వస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు. రాకపోతే ఏది కొత్త రోగం తెచ్చిందో తెలియదు. ఒకసారి ఒక్క మార్పు చేసి, ఫలితాన్ని కాగితం మీద రాసుకోవాలి. సాయం కోరవలసి వచ్చినప్పుడు ఆ కాగితమే సగం సమాధానం.

చూపులేని విద్యార్థికి ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ధ్వని ఎందుకు రాలేదో చెప్పే వాక్యం తెరమీదనే ఉంటుంది. ఆ వాక్యాన్ని చదివి వినిపించడానికి ధ్వని కావాలి. బ్రెయిలీ ఫలకం అందుబాటులో ఉంటే వేళ్లతో చదువుకోగలడు. అది ఖరీదైన పరికరం; అందరికీ దొరకదు. అప్పుడు పక్కగదిలోని మిత్రుడు వచ్చి ఆ వరుసలను అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాలి. మిత్రుడికి లైనక్సు తెలియనక్కరలేదు. అర్థంకాని మాటను దాటవేయకుండా, తనకు తోచింది చేర్చకుండా, ఉన్నది ఉన్నట్లు చదివితే చాలు. కారణాన్ని చూపులేని విద్యార్థే పట్టుకుంటాడు. ఆజ్ఞలు అతడి వేళ్లే రాస్తాయి. మొదటివాడు ఓర్పుతో చదవగా రెండవవాడు కారణాన్ని వెదికాడు కనుక నిదానమనే మాటకున్న రెండర్థాలనూ వారిద్దరూ పంచుకున్నట్లయింది. కాసేపటికి యంత్రం గొంతు విప్పి తెరను చదవడం మొదలుపెట్టినప్పుడు మిత్రుడు లేచి తన గదికి వెళ్లవచ్చు.