పక్క సీటావిడ

మా ఆఫీసులో నా పక్క సీటావిడ చాలా మంచిది. ఇప్పుడీ మాట అంటున్నాను గానీ, మొన్న శ్రావణంలో మూడు వారాలపాటు ఆవిడ నా కంటికి సాక్షాత్తూ సీఐడీలా కనిపించింది.

ఒక సోమవారం పొద్దున్న వచ్చి కూర్చున్నానో లేదో, కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఒంట్లో ఎలా ఉందండీ? రిపోర్టు బాగానే వచ్చిందా?" అంది మెల్లిగా.

నా గుండె ఝల్లుమంది. రొమ్ములో గడ్డ తగిలిందనీ, ముక్క తీసి పరీక్షకి పంపారనీ నాకూ, మావారికీ, అక్కయ్యకీ తప్ప నరమానవుడికి తెలీదు. అత్తగారికే చెప్పలేదు. భయపడాల్సిందేమీ లేదని శనివారం రిపోర్టొస్తే, దాన్ని వాట్సాప్‌లో అక్కయ్యకి పంపాను. అంతే.

"ఏ రిపోర్టండీ?" అన్నాను, బింకంగా. ఆవిడ తడబడి, "అబ్బే, ఏం లేదులెండి" అంటూ ఫైల్లో తల దూర్చేసింది. దొంగ కాకపోతే ఆ తడబాటెందుకూ? మీరే చెప్పండి!

ఇక చూడండి, అన్నీ ఆధారాలే. మొన్నామధ్య నా ఫోను ఛార్జింగుకి పెట్టింది ఆవిడే. వాళ్ళబ్బాయి ఏవో కంప్యూటర్లు చదువుతున్నాడని విన్నట్టు గుర్తు. తల్లీ కొడుకూ కలిసే నా ఫోనులో జొరబడ్డారని తేల్చేసుకుని, రోజుకో ఉత్తరమంత మెసేజీ అక్కయ్యకి రాసేదాన్ని. ఫోను తాళం గీతని మెలికల ముగ్గులా మార్చాను; తెల్లారేసరికి ఆ ముగ్గు నాకే గుర్తు రాలేదు. ఎవరో చెప్తే స్టార్, హాష్, 21, హాష్ అని కూడా నొక్కి చూశాను. ఇంకొకరి పాస్‌వర్డు మోసంతో వాడుకుంటే 2000 నాటి ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ళ దాకా జైలని మావారన్నారు. ఆవిడ జైల్లో చిప్ప పట్టుకుని నిలబడ్డట్టు ఊహించుకుని కాస్త జాలి కూడా పడ్డాను లెండి.

ఎనిమిదేళ్ళుగా ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకున్నవాళ్ళం. తలనొప్పి వంక పెట్టి నేను వేరే తినడం మొదలుపెట్టాను. ఆవిడ ఎందుకని అడగలేదు. అదీ ఆధారమే అనుకున్నాను.

వినాయక చవితికి అక్కయ్య కొడుకు హైదరాబాదు నించి వచ్చాడు. "ఆ నంబరు కాల్సు ఇంకెక్కడికైనా మళ్ళుతున్నాయో లేదో చెబుతుందంతే పిన్నీ" అని నవ్వి, నా వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' అన్నచోట నొక్కాడు. అక్కడ ఎవరిదో ఒక కంప్యూటరు! నిన్న సాయంత్రం దాకా వాడినట్టుంది.

ఎవరిదో ఏమిటి, మా సెక్షనుదే. జూన్‌లో ఏదో కాగితం ప్రింటు కోసం అక్కడి గళ్ళ బొమ్మకి ఫోను చూపించిందాన్ని నేనే. కాగితం పట్టుకుని వచ్చేశాను, తలుపు వెయ్యలేదు. "ఒకసారి జత చేశాక నీ ఫోను ఆపేసినా అక్కడ తెరుచుకుంటుంది. 14 రోజులు ఫోను ముట్టకపోతేనే తెగుతుంది. నువ్వు 14 నిమిషాలు వదిలితేగా!" అంటూ వాడు 'లాగౌట్' నొక్కేశాడు.

మర్నాడు ఉండ్రాళ్ళ డబ్బా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి, జరిగింది చెప్పాను.

"ఆ శనివారం కంప్యూటరు తెరవగానే మీదే వచ్చిందండీ. వెంటనే మూసేశాను గానీ, రిపోర్టు కంటపడనే పడింది" అంది ఆవిడ. "మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. ఆదివారమంతా నిద్ర లేదు నాకు. అడక్కుండా ఉండాల్సింది, ఉండలేకపోయాను."

నాకు మాట రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపలాగే కూర్చున్నాను. మూడు వారాలుగా ఆవిడ గురించి నేను అక్కయ్యకి రాసినవన్నీ ఆ తెర మీదే ఉన్నాయన్న సంగతి అప్పటికింకా నాకు తట్టలేదు.

ఆవిడ రెండో ఉండ్రం తీసుకుంటూ, "అన్నట్టు, మావాడు చదివేది కంప్యూటర్లు కాదండీ, బీకామ్" అంది.