బే ఒడ్డున కృష్ణ జన్మస్థానం

శాన్ ఫ్రాన్సిస్కో చూపిస్తానని మా అబ్బాయి నన్ను లార్క్‌స్పర్ రేవులో ఫెర్రీ ఎక్కించాడు. కదిలిన కాసేపటికే ఎడమ పక్కన, నీళ్లని ఆనుకుని లేత పసుపు గోడలు కనిపించాయి. ఏదో పాత కోట అనుకుని ఫోన్ తీశాను.

"కోట కాదు నాన్నా, జైలు. శాన్ క్వెంటిన్" అన్నాడు.

1852లో మొదలైందట. కాలిఫోర్నియా జైళ్లలో ఇదే పాతది. చుట్టుపక్కల ఇల్లు కొనాలంటే కోట్లు పోయాలి. "ఖైదీలకి మంచి చోటే దొరికిందిరా" అని నవ్వాను. వాడు నవ్వలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాక నాకూ నవ్వు రాలేదు.

1994లో ఇక్కడ ఓ చట్టం తెచ్చారు. తీవ్రమైన నేరాలు రెండు చేసినవాడు మూడోసారి దొరికితే పాతికేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. మూడు గోల్ఫ్ కర్రలు దొంగిలించినవాడికీ అదే పడింది. 2003లో సుప్రీంకోర్టు సరేనంది. శిక్షలు పెంచడానికి ఓ కాగితం చాలు. గదులు పెరగాలంటే డబ్బు కావాలి కదా! సుమారు 80 వేల మందికి కట్టిన జైళ్లలో దాదాపు రెట్టింపు మందిని కుక్కారు. వ్యాయామశాలల్లో మూడంతస్తుల మంచాలు వేశారు. ఒక్కో హాల్లో 200 మంది దాకా. కొన్నిచోట్ల 54 మందికి ఒకటే మరుగుదొడ్డి. సరైన వైద్యం అందక వారానికో ప్రాణం పోతోందని కోర్టే తేల్చింది.

2006లో గవర్నర్ ష్వార్జ్‌నెగ్గర్, అదే మన టెర్మినేటర్ హీరో, జైళ్లలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. కొత్తవి కడదామంటే ఖజానా ఖాళీ. 2009లోనైతే బిల్లులకి డబ్బు బదులు ప్రభుత్వం 'తర్వాత ఇస్తాం' అని కాగితాలు రాసిచ్చింది. చివరికి 2011లో సుప్రీంకోర్టు, ఉండాల్సినదానికి 137.5 శాతం మించొద్దని తీర్పిచ్చింది. చిన్న నేరాలవాళ్లని కౌంటీ జైళ్లకి మళ్లించారు. శిక్షలు సడలించారు. 2015కి లెక్క ఆ గీత కిందకి దిగింది. ఇప్పుడు ఖైదీలు లక్షలోపే.

అయినా ఖర్చు తగ్గలేదు. ఒక్కొక్కరికి ఏడాదికి లక్ష డాలర్ల పైమాటే. వందమంది తగ్గినా కాపలావాళ్లు, కరెంటు, డాక్టర్లు ఉండాల్సిందే. జైలుకి జైలే మూస్తేగానీ డబ్బు మిగలదు. అందుకే 2021లో ట్రేసీ దగ్గరున్నది మూసేశారు. కానీ మూస్తే అక్కడ పనిచేసేవాళ్ల జీతాలు, ఆ ఊరి వ్యాపారాలు ఏం కావాలి? ఏ మూల కదిపినా తడిసి మోపెడే.

మన దగ్గర కథ వేరు. మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు దాకా ఇంకా తీర్పు రానివాళ్లే. అక్కడ చట్టం నింపింది, ఇక్కడ వాయిదాలు నింపుతున్నాయి. ఇరుకు మాత్రం ఒకటే.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. జైలు దీపాలు నీళ్లలో మెరుస్తున్నాయి. ఫెర్రీలో సగంమంది నిద్రలో ఉన్నారు. పొద్దున తీసిన ఫోటో 'భలే వ్యూ' అని మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని తీసేశాను.

మీరూ ఆ వైపు వెళ్తే లార్క్‌స్పర్‌లో ఎక్కి ఎడమ పక్కన కూర్చోండి. గోల్డెన్ గేట్ వంతెన కంటే ముందు ఇదే కనిపిస్తుంది.