సీసా నుంచి కప్పులోకి

మిల్లీలీటర్లను కప్పుల్లోకి మార్చాలంటే ముందు ఏ కప్పో తేల్చుకోవాలి. మెట్రిక్ కప్పు 250 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు సుమారు 237, జపాన్ కప్పు 200. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావరకు 180. ఆ పైన మిగిలేది భాగహారమే. లీటరు పాలు మెట్రిక్ కప్పుతో నాలుగు, కుక్కర్ కప్పుతో ఐదున్నరకు కాస్త పైన.

భద్రాచలం ఏజెన్సీ సంతల్లో తేనె తరచుగా ఖాళీ మద్యం సీసాల్లోనే అమ్ముడవుతుంది. 750 సీసా సరిగ్గా మూడు మెట్రిక్ కప్పులు, 650 బీరు సీసా రెండున్నరకు కొంచెం ఎక్కువ. క్వార్టర్ సీసా, కుక్కర్ కప్పు రెండూ 180 కావడం వంటింటి పెద్దలు ఒప్పుకోని చుట్టరికం.

అసలు చిక్కు తూకంతో వస్తుంది. గిరిజన సహకార సంస్థ కోయల దగ్గర తేనెను కిలోల లెక్కన కొంటుంది. వంటింట్లో వాడేది కప్పులతో. లీటరు తేనె దాదాపు 1.4 కిలోలు తూగుతుంది కనుక కిలో తేనెకు మూడు కప్పులు కూడా నిండవు. నూనె ఇందుకు తిరగబడి ఉంటుంది: లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని అచ్చేసి ఉంటుంది, కాబట్టి కిలో నూనె నాలుగు కప్పులు దాటుతుంది. ఇప్పనూనె చలికాలంలో పేరుకుంటుంది, కరిగించాకే కొలవాలి. తేనె పోసే ముందు కప్పు లోపల కాస్త నూనె రాస్తే అడుగున అంటుకోకుండా మొత్తం జారుతుంది.

ఇంట్లోని స్టీలు గ్లాసు ఎంతదో తెలియకపోతే ఖాళీ గ్లాసును తూచి, అంచుదాకా నీళ్లు పోసి మళ్లీ తూచాలి. పెరిగిన గ్రాములే మిల్లీలీటర్లు. రాగి జావకు ఇదేమీ అక్కర్లేదు. పిండి ఏ గ్లాసుతో పోస్తే నీళ్లూ దానితోనే పోస్తే సరి. పాత గిద్ద, సోల, తవ్వ, మానికలు కూడా ఇలా ఒకదానికొకటి పొసిగే పాళ్లే: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఊరు మారితే సోల పరిమాణమూ మారేది; 1956 నాటి తూనికలు కొలతల చట్టం దేశమంతటికీ మెట్రిక్ పద్ధతిని తెచ్చింది.

కప్పుకు లోపలి కొలతలకు చెంచాలున్నాయి. టేబుల్ స్పూన్ 15 మిల్లీలీటర్లు, టీ స్పూన్ 5. వంద మిల్లీలీటర్లంటే ఆరు టేబుల్ స్పూన్లు, రెండు టీ స్పూన్లు. యాభై అంటే అందులో సగం. ఆస్ట్రేలియా వంట పుస్తకం చూసి చేసేటప్పుడు మాత్రం టేబుల్ స్పూన్‌ను 20గా లెక్కవేసుకోవాలి.