గోష్‌వారా

చెవికి పెట్టుకొనే వస్తువులకు తెలుగులో పేర్ల కరవు లేదు. కమ్మలు, పోగులు, దుద్దులు, జూకాలు, లోలాకులు, ఇవన్నీ చెవి తమ్మెను ఆశ్రయించుకొని ఉండేవే. చెవి లోపలనే కాపురముండి మాటలాడే వస్తువుకు పేరు పెట్టవలసిన అవసరం మన పూర్వులకు కలుగలేదు. విద్యార్థులు దానిని 'బడ్స్' అంటున్నారు. మేమూ ఆ మాటనే వాడుతున్నాము. ఉర్దూ శాఖలోని మిత్రులొకరు మాత్రం 'గోష్‌వారా' అనవచ్చునని సెలవిచ్చారు. ఉర్దూలో ఆ మాటకు చెవిపోగు అని ఒక అర్థం, లెక్కల పట్టిక అని మరొక అర్థం. వెయ్యి రూపాయలు పట్టుకొని ఈ వస్తువును కొనబోయే వారికి రెండర్థాలూ అవసరమే.

ఈ లెక్క మా ముందుకు వచ్చిన సందర్భం చెప్పవలసి ఉన్నది. గత సంవత్సరం డిగ్రీ రెండవ ఏడు చదువుతున్న ఒక అమ్మాయి, మగ్గం పని చేసి కూడబెట్టిన 1,200 రూపాయలు ఉన్నవని, వాటిలో ఏ బడ్స్ కొనవచ్చునో చెప్పుమని మమ్మల్ని అడిగింది. వారిది ఒకే గది ఉన్న ఇల్లు. ఫోనులో పాఠాలు వినడానికి ఆమెకు రాత్రి పది దాటిన తరువాతనే వీలు. అప్పటికి తండ్రి, తమ్ముళ్ళు నిద్రపోతారు. అటువంటి ఇంటిలో చదువు గదిని చెవిలోనే కట్టుకోవాలి. రెండు వందలకు తీగ ఉన్నవి దొరుకుతాయి కదా అని పెద్దలు అనవచ్చు. నిజమే, శబ్దంలో అవి తీసిపోవు, ఛార్జింగు బాధా లేదు. కాని 2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7లో ఇయర్‌ఫోను రంధ్రాన్ని తొలగించిన తరువాత తక్కిన కంపెనీలు అనేకం ఆ త్రోవనే పట్టాయి. ఆ అమ్మాయి ఫోనుకూ అది లేదు. ఛార్జింగు రంధ్రానికే తగిలించే తీగలు ఉన్నవి గాని, అవి పెట్టుకొంటే ఛార్జింగు పెట్టడానికి చోటుండదు. పాత ఫోను బ్యాటరీ అంతసేపు నిలువదు.

కనుక ఒక సాయంకాలం కోఠి గుజరాతీ గల్లీలో అంగడి అంగడికీ తిరిగాము. పెట్టెల మీది వ్రాతలను చదవడం ఒక ప్రత్యేక విద్య. '40 గంటలు' అని ఉంటుంది. అది డబ్బాలోని బ్యాటరీతో మాటిమాటికి నింపుకొంటే మొత్తం మీద వచ్చే లెక్క, అదీ సగం శబ్దంతో వింటే. చెవిలో ఒక్క విడతకు సాధారణంగా అయిదారు గంటలే. పాఠాలకు అది చాలు. బ్లూటూత్ అన్నది పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ గారి మారుపేరు. ఆ పేరు ప్రక్కన 5.3 ఉన్నా 5.4 ఉన్నా పాఠం వినేవారికి తేడా తెలియదు. అందుకు మరొక వంద ఇవ్వనక్కరలేదు.

అసలైన చిక్కు రెండు పొడి అక్షరాల మాటల దగ్గర ఉన్నది. ఏఎన్‌సీ అంటే బయటి రొద మన చెవికి తగ్గడం. ఈఎన్‌సీ అంటే మనం మాట్లాడుతున్నప్పుడు మన చుట్టూ ఉన్న రొద అవతలివారికి తగ్గడం. ఒకటి మనకు, ఒకటి ఎదుటివారికి. చవక పెట్టెల మీద రెండవదే పెద్ద అక్షరాలలో ఉంటుంది. అంగడివాడు దానినే మొదటిదిగా అమ్ముతాడు. బస్సులో నుండి జిద్దాలోని మా భాయిజాన్‌తో మాట్లాడవలసిన మాకు రెండవది కావాలి. నిశ్శబ్దమైన రాత్రిలో పాఠం వినే పిల్లకు రెండూ అంతగా అక్కరలేదు. చెవికి సరిగ్గా అమరే రబ్బరు తొడుగు ఉంటే చాలు; అది రంధ్రాన్ని మూసి సగం రొదను ఖర్చు లేకుండానే ఆపుతుంది. మూడు కొలతల తొడుగులు పెట్టెలోనే వస్తాయి.

ఏ పెట్టె మీదా వ్రాయని సంగతిని ఆ అమ్మాయే చెప్పింది. స్నేహితురాలి బడ్స్ పెట్టుకొని చూసిందట. తలమీది ఓఢ్నీ తగిలినప్పుడల్లా పాఠం ఆగిపోవడం, లేదా ఎవరికో ఫోను పోవడం! వేలి స్పర్శతో పనిచేసే బడ్స్‌కు బట్ట స్పర్శ కూడ వేలివలెనే తోస్తుంది. ఈ వస్తువును రూపొందించినవారి ఊహలో తల కప్పుకొనే ఆడపిల్ల లేదని దీనివలన తెలుస్తున్నది. నొక్కితేగాని పనిచేయని మీట ఉన్నవో, స్పర్శను ఫోనులోనుండి ఆపివేయడానికి వీలున్నవో కావాలి. ఈ ఒక్క ప్రశ్నతో ఆనాడు మేము చూసిన వాటిలో సగానికి పైగా వడబోత అయ్యాయి.

ప్రసిద్ధ కంపెనీల పేర్లు పెట్టుకొన్న నకళ్ళు మూడు వందలకే ఎదురయ్యాయి. పెట్టె మీద ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య లేనివాటిని ముట్టుకోలేదు. చెవిలో పెట్టుకొనేది లిథియం బ్యాటరీ. అది రెండు మూడేండ్లకు నీరసిస్తుంది, మార్చడానికి వీలు లేకుండా లోపల అంటించి ఉంటుంది. వెయ్యి రూపాయలను ముప్పయి నెలలకు పంచుకొని చూస్తే నెలకు ముప్పది మూడు రూపాయలు పడుతుంది. నకలు రెండు నెలలకే పోతే నెలకు నూట యాభై. ఊరిలో సర్వీసు సెంటరు ఉన్న కంపెనీని కోరడం ఈ లెక్క వల్లనే. చివరకు 1,100కు మీట ఉన్న జత ఒకటి దొరికింది. దాని మీద ఐపీఎక్స్4 అని కూడ ఉన్నది, అంటే చెమట తుంపరలకు ఓర్చుకొంటుంది. అంతమాత్రాన వజూ చేసేటప్పుడు చెవిలోనే ఉంచుకోరాదు. మసహ్‌కు ఎట్లాగూ తీయవలసిందే. తీసి హౌజు గట్టు మీద మరచిపోకపోతే చాలు.

ఒక చెవితో వినడం ఆమె తానుగా కనిపెట్టిన పద్ధతి. ఒకటి చెవిలో, ఒకటి డబ్బాలో ఛార్జింగులో. తెరచి ఉన్న చెవి రాత్రి తల్లి పిలిస్తే వినడానికి. రోడ్డు మీద మా విద్యార్థులు కూడ ఈ పద్ధతిని పాటిస్తే ఆటోవాళ్ళకు మేలు. బస్సు రొదను మించి వినాలని శబ్దం పెంచడం అన్నిటికంటె చెడ్డది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ 40 గంటలు; 90 అయితే 4 గంటలే. పది పెరిగితే పదోవంతు కాలం!

రెండు నెలల తరువాత ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకొని వచ్చింది. ఎడమది సన్నగా వినబడుతున్నదట. తొడుగు తీసి చూస్తే జల్లెడ మీద గులిమి. కొత్త టూత్‌బ్రష్షుతో, నీరు తగలకుండా, జల్లెడను క్రిందికి వంచి పొడిగా రాశాము. స్టాఫ్ రూములోనే పెట్టుకొని విన్నది. వినబడుతున్నదని తల ఊపి, తరగతికి ఆలస్యమవుతుందని పరుగెత్తింది.